పొదుగు మీదున్న బాతు కింద పార్సిల్ గుడ్లు

పెరట్లో బాతు గుడ్ల మీద కూర్చుంది. ఇంటివాళ్లకేమో ఖాకీ క్యాంప్‌బెల్ పిల్లలు కావాలి. ఆ జాతి గుడ్లు దొరికేది బెంగళూరు దగ్గర హెసరఘట్టలో, లేదా భువనేశ్వర్‌లో, లేదా నాలుగు జిల్లాల అవతల బాతులు పెంచే ఒక రైతు దగ్గర. ఒక్కరోజు పిల్లల్ని అంత దూరం తేవడం ఖర్చుతో పని, దారిలో ప్రాణం పోతే పాపం. గుడ్లయితే అట్టపెట్టెలో బస్సు పార్సిల్‌గానో కొరియర్‌లోనో వచ్చేస్తాయి. పొదగడానికి బాతు ఉండనే ఉంది. ఇంత సులువుగా కనిపించే పని నెల తిరిగేసరికి ఒకటి రెండు పిల్లలతో, ఒక్కోసారి అవీ లేకుండా ముగుస్తుంది. అప్పుడు కొందరు బాతును తిడతారు, కొందరు గుడ్లు అమ్మిన మనిషిని తిడతారు. దారిలో తగిలిన దెబ్బ ఎంతోకొంత ఉంటుంది, నిజమే. ఆ దెబ్బను రెట్టింపు చేసేది మాత్రం పెట్టె గుమ్మంలోకి వచ్చాక మనం పడే తొందర.

ప్రయాణం చేసిన గుడ్డుకి విశ్రాంతి కావాలి. గుడ్ల మీద కూర్చున్న బాతుకి ఏకాంతం కావాలి. ఈ అధ్యాయం మొత్తం ఆ రెండింటి గురించే. రెండూ మనం ఇవ్వగలిగినవే, రెండింటికీ పైసా ఖర్చు లేదు. అయినా ఇవ్వడం కష్టం. గంటకోసారి వెళ్లి చూడాలనిపిస్తుంది, చూశాక ముట్టుకోవాలనిపిస్తుంది. ఆ చేతులను ఎప్పుడు పనిలో పెట్టాలో, ఎప్పుడు కట్టేసుకోవాలో తెలుసుకున్నవాళ్లే పిల్లల్ని చూస్తారు.

కూర్చునే బాతు, కూర్చోని బాతు

మంచి గుడ్ల జాతి బాతులకు పొదిగే గుణం ఎందుకు ఉండదో ముందు తెలుసుకోవాలి. ఖాకీ క్యాంప్‌బెల్ ఇంగ్లండ్‌లో పుట్టింది. గ్లౌస్టర్‌షైర్‌లోని ఊలీ అనే ఊళ్లో అడీల్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ 19వ శతాబ్దం చివర్లో రన్నర్ బాతునూ రూవాన్ బాతునూ కలిపి ఈ జాతిని తయారుచేసింది. బాగా మేపితే ఏడాదికి 280 నుంచి 300 గుడ్లు పెడుతుంది. పక్షి ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగితే పొదుగుకు కూర్చోవాలనే తపన పుడుతుంది, గుడ్లు పెట్టడం ఆగిపోతుంది. ఏడాది పొడవునా గుడ్లు పెట్టే బాతులనే తరతరాలుగా ఏరుకుంటూ వచ్చినప్పుడు, ఆ తపన ఉన్నవి వాటంతటవే పక్కకు తప్పుకున్నాయి. పేరులో ఇండియా ఉన్నా ఇండోనేషియా దీవుల నుంచి వచ్చిన ఇండియన్ రన్నర్‌ది కూడా ఇదే కథ. వీటిని గుడ్ల మీద కూర్చోబెట్టాలని ప్రయత్నించి మనసు కష్టపెట్టుకోవద్దు.

కూర్చోవడంలో మస్కోవిని మించిన బాతు లేదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ బాతుకు ముఖం మీద ఎర్రటి కండ ఉంటుంది, అరుపు దాదాపు ఉండదు. దాని సొంత గుడ్లకు 35 రోజులు పడుతుంది కాబట్టి మామూలు బాతు గుడ్ల 28 రోజులు దానికి లెక్కే కాదు. మన నాటు బాతుల్లో అన్నీ ఒకలా ఉండవు. కొల్లేరు చుట్టుపక్కల, గోదావరి కృష్ణా డెల్టాల్లో, నెల్లూరు వైపు కోతలైన మళ్లలో మందలుగా మేసేవాటి గుడ్లను రోజూ ఏరేస్తారు. రోజుకో చోట మకాం మార్చే మందలో బాతు కూర్చోవాలన్నా గూడు ఉండదు. ఇంటి దగ్గర రెండు మూడుగా పెరిగినవాటిలో మాత్రం పొదుగుకు కూర్చునేవి కనిపిస్తాయి. అలాంటిది ఒక్కటి మీ దగ్గరుంటే అదృష్టమే.

బాతే దొరకకపోతే పొదుగు మీదున్న కోడిపెట్ట కూడా పనికొస్తుంది. కేరళలోని కుట్టనాడులో బాతు గుడ్లను కోళ్ల కింద పెట్టి పొదిగించడం పాత అలవాటు. కోడి 21 రోజులకు లేచిపోతుందేమోనని భయపడక్కర్లేదు. మంచి పెట్ట తన కింద పిల్లల కిచకిచ వినబడేదాకా కూర్చునే ఉంటుంది. అయితే కోడి నీళ్లలో మునగదు, దాని ఈకలు తడవవు. అందుకని రెండో వారం నుంచి రోజూ అది మేతకు లేచినప్పుడు గుడ్ల మీద గోరువెచ్చని నీళ్లు పలచగా చిలకరించాలి. గుడ్లు దానికి పెద్దవి కాబట్టి తిప్పడంలో మనమూ కాస్త చెయ్యి వేయాలి. ఎనిమిది తొమ్మిది గుడ్లకు మించి పెట్టకూడదు.

బాతు నిజంగా కూర్చుందో, గుడ్డు పెట్టడానికి కాసేపు కూర్చుందో రాత్రిపూట తేలిపోతుంది. చీకటి పడ్డాక కూడా గూట్లోనే ఉండి, దగ్గరికి వెళితే ఒళ్లంతా ఉబ్బించి బుసకొడితే కూర్చున్నట్టే. రొమ్ము మీది మెత్తటి ఈకలు పీకి గుడ్ల చుట్టూ పరుచుకోవడం ఇంకా గట్టి గుర్తు. రోజుకు ఒకటి రెండుసార్లే లేచి, పెద్దగా, భరించలేని వాసనతో రెట్ట వేసి, గబగబా తిని, ఒక మునక వేసి, పరుగున వెనక్కి పోతుంది. ఇవన్నీ వరసగా రెండు మూడు రాత్రులు చూశాకే గుడ్లు పంపమనాలి.

గుడ్లు చెప్పేటప్పుడు

ముందు గుడ్లు తెప్పించి తర్వాత బాతు కోసం వెతకడం తలకిందుల పని. గుడ్డు పెట్టిన వారంలోగా పొదుగుకు వెళ్లాలి. ఆ తర్వాత గడిచే ప్రతి రోజుకూ పిల్ల పుట్టే అవకాశం తగ్గుతూ పోతుంది. ఇందులో అమ్మేవాళ్లు పోగుచేయడానికి రెండు మూడు రోజులు, ప్రయాణానికి రెండు రోజులు, మన ఇంట్లో విశ్రాంతికి ఒక రోజు పోతాయి. అంటే మిగులు దాదాపు ఏమీ ఉండదు. బాతు గూట్లో గుడ్లు పోగేస్తున్నప్పుడే అమ్మేవాళ్లతో మాట్లాడి పెట్టుకోండి. అది స్థిరంగా కూర్చున్నాక పంపమనండి. ఈలోగా దాని గుడ్లు తీసేసి కొయ్య గుడ్లో, పాలరాతి గుడ్లో, నున్నటి తెల్ల గులకరాళ్లో పెడితే వాటి మీదే కూర్చుని ఉంటుంది.

అమ్మేవాళ్లను అడగాల్సినవి మొహమాటం లేకుండా అడగాలి. అయిదారు ఆడ బాతులకు ఒక మగ బాతు ఉందా? ఏ తారీఖున ఏరిన గుడ్లు? వాటిని ఎక్కడ దాచారు? 13 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య దాస్తే మేలు. ఫ్రిజ్‌లో పెట్టారని చెబితే వద్దనండి, అంత చలికి లోపలి బీజం దెబ్బతింటుంది. ఏసీ గది లేని పల్లెలో తడి ఇసుకలో కుండ పాతి అందులో గుడ్లు ఉంచే పద్ధతి ఉంది, అది మంచిదే. గుడ్లను కడిగి పంపుతామంటే ఒప్పుకోకండి. పెంకు మీద కంటికి కనబడని పలచని పొర ఒకటి ఉంటుంది. అది పోతే సూక్ష్మజీవులకు దారి దొరికినట్టే. బాతులు బురదలో గుడ్లు పెడతాయి కాబట్టి మురికివి వస్తాయి, అసలు అవి పెట్టెలోకే ఎక్కకూడదు. తెల్లవారగానే గూళ్లలోంచి ఏరినవి శుభ్రంగా ఉంటాయి.

ఏ నెలలో తెప్పించుకోవాలన్నది ధర కన్నా ముఖ్యం. గుడ్డులోని బీజం దాదాపు 20, 21 డిగ్రీల దగ్గర నిద్రపోతుంది. అంతకన్నా వేడెక్కితే కొంచెం కదలడం మొదలుపెడుతుంది, మళ్లీ చల్లబడితే ఆగుతుంది. ఇలా లేస్తూ ఆగుతూ వచ్చిన బీజం బలహీనపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన రోడ్ల మీద పార్సిల్ బండి లోపల వేడి ఎంతుంటుందో ఊహించుకోండి. ఆంధ్ర, తెలంగాణల్లో పార్సిల్ గుడ్లకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలంలో ఎవరు ఎంత తక్కువకు ఇస్తామన్నా తెప్పించుకోవద్దు.

ఇంకో మాట. పక్షుల జబ్బులు గుడ్లతోనూ, అట్టపెట్టెతోనూ ప్రయాణం చేస్తాయి. 2014 నవంబరులో కేరళ బాతుల్లో బర్డ్‌ఫ్లూ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మన ఉభయ గోదావరి జిల్లాల్లోనూ వచ్చింది. అలాంటి కబురు ఉన్న రోజుల్లో ఏ ప్రాంతం నుంచీ గుడ్లు తెప్పించకుండా ఉండటమే ధర్మం. మీ మండలం పశువైద్యుణ్ని ఒక్క మాట అడిగితే ఆంక్షలు ఉన్నాయో లేవో చెబుతారు. పెట్టెను, లోపలి ఊకను పెరట్లో పారేయకుండా కాల్చేయండి.

ఎన్ని తెప్పించాలంటే, కావలసిన పిల్లలకు రెట్టింపు గుడ్లు. పార్సిల్ గుడ్లలో సగం పిల్లలైతే అది మంచి ఫలితం. ఈ లెక్కను మొదటే మనసులో పెట్టుకున్నవాళ్లు చివర్లో కుంగిపోరు.

పెట్టె విప్పాక

గుడ్డు వెడల్పు కొన వైపు పెంకు లోపల చిన్న గాలి గది ఉంటుంది. పచ్చసొనను మధ్యలో నిలిపి ఉంచే తెల్లటి మెలి తాళ్లు రెండు ఉంటాయి. లారీ కుదుపులకు ఈ రెండూ దెబ్బతింటాయి. గాలి గది గోడ ఊడిపోయి బుడగ గుడ్డంతా తిరుగుతుంది, పచ్చసొన ఒక పక్కకు జారుతుంది. చీకటి గదిలో టార్చి మీద గుడ్డు వెడల్పు కొన ఆనించి మెల్లగా వంచితే, నీడలో బుడగ జారుతూ కనబడుతుంది. పార్సిల్‌లో వచ్చిన గుడ్లలో ఇలాంటివి కొన్నైనా ఉంటాయి, కంగారుపడొద్దు.

ఊరి నుంచి వచ్చిన చుట్టానికి ముందు కాళ్లకు నీళ్లిచ్చి కూర్చోబెడతాం, వచ్చీ రాగానే పొలం పనికి పంపం. గుడ్డుకీ అంతే. వెడల్పు కొన పైకి, సన్న కొన కిందికి ఉండేలా అట్ట ట్రేలో నిలబెట్టి, ఇంట్లో అన్నింటికన్నా చల్లగా, చీకటిగా ఉండే గదిలో 24 గంటలు కదలకుండా ఉంచాలి. తిప్పకూడదు, వంచకూడదు, బంధువులకు చూపించకూడదు. గాలి బుడగ బాగా తిరుగుతున్న గుడ్లకు ఇంకో రోజు ఇవ్వవచ్చు. చలి గదిలోంచి వచ్చి పెంకు మీద చెమ్మ పడితే తుడవకుండా అలాగే ఆరనివ్వాలి, తడి పెంకును రుద్దితే మురికి లోపలికి పోతుంది.

ట్రేలో నిలబెట్టే ముందే పగుళ్లు చూసుకోవాలి. టార్చి వెలుగులో సన్నటి తెల్ల గీతలా కనబడుతుంది పగులు. చిన్న పగులును కొవ్వొత్తి మైనంతో మూసి పెడతారు కొందరు. నా సలహా అలాంటి గుడ్డును పక్కన పెట్టేయమనే. బాతు కింద అది పూర్తిగా పగిలితే లోపలి ద్రవం మిగతా గుడ్ల రంధ్రాలను మూసేస్తుంది, ఒక గుడ్డు కోసం అయిదారు గుడ్లు పోతాయి. మిగిలినవాటి మీద పెన్సిల్‌తో తారీఖు రాయండి. పెన్ను సిరా పెంకులోంచి ఇంకుతుంది.

ఇంట్లో చిన్న ఇంక్యుబేటర్ ఉంటే ఒక మంచి మార్గం ఉంది. గాలి బుడగ బాగా తిరుగుతున్న గుడ్లను బాతు కింద పెడితే అది రోజుకు ఎన్నోసార్లు ముక్కుతో దొర్లిస్తుంది. ఊడిన గోడ అతుక్కోవడానికి వీలుండదు. అందుకని మొదటి వారం వాటిని ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీల దగ్గర నిలబెట్టే ఉంచాలి. మొదటి రెండు రోజులు తిప్పకుండా, తర్వాత రోజుకు మూడు నాలుగు సార్లు అటూ ఇటూ వంచుతూ ఉంటే చాలు. ఏడో రోజున టార్చితో చూసి, ప్రాణం ఉన్నవి మాత్రమే బాతుకు అప్పగించాలి. ఈ వారం రోజులూ బాతు కొయ్య గుడ్ల మీద కూర్చునే ఉంటుంది కాబట్టి దాని మేత మీద శ్రద్ధ పెట్టాలి. ఇంక్యుబేటర్ లేని ఇంట్లో 24 గంటల విశ్రాంతి తర్వాత నేరుగా బాతు కింద పెట్టడమే దారి. అదీ తప్పేమీ కాదు, కాకపోతే కొన్ని ఎక్కువ పోతాయి.

గుడ్లు మార్చే రాత్రి

గూటిని ముందుగానే సిద్ధం చేసి ఉంచాలి. బాతు తనంతట తాను ఎంచుకున్న చోటును మార్చితే చాలా బాతులు పొదుగు వదిలేస్తాయి, కాబట్టి ఆ చోటికే కాపలా కట్టండి. నేల మీద కాస్త తడి మట్టి, దాని మీద ఎండిన వరిగడ్డి, మధ్యలో గిన్నెలా గుంట. బూజు పట్టిన గడ్డి వద్దే వద్దు. ఆ బూజు పొడి పిల్లల ఊపిరితిత్తుల్లో చేరితే మందు లేదు. పందికొక్కు, ముంగిస, పిల్లి, జెర్రిపోతు, వీధికుక్క ఏదీ దూరకుండా సన్న కన్నాల ఇనుప వల చుట్టూ కట్టాలి. చీమల కోసం గూడుకు అడుగు దూరంలో బూడిద గీత గీయండి. చీమల మందు సుద్దను గూడు దరిదాపుల్లోకి రానీయొద్దు. బాతు ఒంట్లో పేలు, గోమార్లు ఉన్నాయేమో ఈకలు విడదీసి ఒకసారి చూడండి. నెల రోజులు కదలకుండా కూర్చునే పక్షిని అవి పీల్చిపారేస్తాయి.

చీకటి పడ్డాక, ఇంట్లో మాటలు సద్దుమణిగాక, మసక వెలుతురులో ఒక్కరే వెళ్లాలి. ఎడమ చేత్తో బాతు రొమ్మును కొద్దిగా పైకెత్తి ఒక కొయ్య గుడ్డు తీసి ఒక అసలు గుడ్డు జరపాలి. ఇలా ఒక్కొక్కటీ మార్చాలి. బుసకొడుతుంది, పొడుస్తుంది, పొడవనివ్వండి. గుడ్లన్నీ ఆ ఒక్క రాత్రే మార్చేయాలి. ఇవాళ అయిదు, రేపు అయిదు పెడితే పిల్లలు వేర్వేరు రోజుల్లో పుడతాయి. ముందు పుట్టినవాటిని తీసుకుని తల్లి లేచిపోతే మిగతావి గూట్లోనే చచ్చిపోతాయి. మస్కోవి గుడ్లను మామూలు బాతు గుడ్లతో కలిపి పెట్టకూడదనేదీ ఇందుకే, వాటి మధ్య వారం తేడా ఉంది. నాటు బాతుకు పది నుంచి పన్నెండు, మస్కోవికి పద్నాలుగు దాకా. పక్క నుంచి చూస్తే ఒక్క గుడ్డు కూడా ఈకల బయట కనబడకూడదు.

బాతు సొంతంగా పెట్టిన గుడ్డు ఒక్కటైనా అందులో మిగలకుండా చూసుకోండి. పక్క బాతులు వచ్చి ఆ గూట్లో గుడ్లు పెట్టడం కూడా మామూలే. పెన్సిల్ గుర్తు లేని గుడ్డు ఎప్పుడు కనబడినా తీసేయాలి.

ఇరవై ఎనిమిది రోజులు

ఇక్కడినుంచి పని బాతుది. మీరు చేయాల్సినవి కొద్దిగానే ఉన్నాయి. ధాన్యం, నూకలు, మొక్కజొన్న లాంటి గట్టి గింజలు రోజూ ఒకే వేళకు, గూటికి కొంచెం దూరంగా పెట్టండి. మెత్తటి తడి మేత ఎక్కువ పెడితే రెట్ట పలచబడి గూడు పాడవుతుంది. తాగడానికి నీళ్లు, మునగడానికి ఒక వెడల్పు తొట్టి అందుబాటులో ఉండాలి. బాతు తడి ఈకలతో వచ్చి గుడ్ల మీద కూర్చుంటే పెంకుకు కావలసిన తేమ అందుతుంది. ఇంక్యుబేటర్‌లో మనం నీటి పళ్లెం పెట్టి, కొలతలు చూసి తిప్పలు పడి తెచ్చే తేమను బాతు ఒక్క మునకతో తెస్తుంది.

అది లేచి వెళ్లి ఇరవై నిమిషాలైనా, అరగంటైనా రాకపోతే గుండె దడదడలాడటం సహజం. ఆ చల్లదనం గుడ్డుకు మంచిదే. పెద్ద హేచరీల్లో బాతు గుడ్లను కావాలనే రోజూ కాసేపు చల్లబరుస్తారు. బాతు వెళ్లేటప్పుడు గుడ్ల మీద ఈకలు కప్పి వెళుతుంది కూడా. ఎప్పుడైనా కుక్క అరుపులకు బెదిరి రెండు మూడు గంటలు దూరంగా ఉన్నా గుడ్లు పారేయకండి. దాన్ని మెల్లగా గూటివైపు తోలి, రెండు రోజుల తర్వాత టార్చితో చూసి నిర్ణయించండి. లోపలి ప్రాణం మనం అనుకునేంత సుతారమైనది కాదు.

ఏడో రోజున, బాతు మేతకు లేచిన వేళ, మొదటిసారి చూడండి. ఎర్రటి నరాలు సాలెగూడులా పరుచుకుని మధ్యలో నల్లటి చుక్క కదులుతుంటే ప్రాణం ఉన్నట్టు. ఏమీ లేకుండా పసుపుగా వెలిగితే వట్టి గుడ్డు. ఎర్రటి గీత ఉంగరంలా కనబడితే మొదలై ఆగిపోయినది. ఈ రెండు రకాలనూ తీసేయాలి. అలాగే వదిలేస్తే మురిగి, వేడికి పేలి, గూడంతా చెడగొడతాయి. పద్నాలుగో రోజు ప్రాంతంలో ఇంకోసారి చూస్తే చాలు. రోజూ చూసేవాళ్లు గుడ్లకు చేసే మేలేమీ లేదు. పైగా ప్రతిసారీ బాతు బెదురుతుంది, ఒక గుడ్డు కాలి కింద పడుతుంది. ఇరవై అయిదో రోజు నుంచి గూటి దగ్గరకు ఎవరూ వెళ్లకూడదు. మేత, నీళ్లు పెట్టి వచ్చేయాలి.

పెంకు పగిలేటప్పుడు

పొదుగు కాలంలో గుడ్డులోంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది. 70 గ్రాముల గుడ్డు చివరికి సుమారు 9 గ్రాములు తగ్గుతుంది. తగ్గినంత మేరా గాలి గది పెద్దదవుతుంది. ఇరవై అయిదు, ఇరవై ఆరో రోజున పిల్ల ముక్కుతో ఆ గదిలోకి పొడుచుకుని మొదటిసారి ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. పెంకుకు కన్నం పడేది ఆ తర్వాతే. పార్సిల్ గుడ్లలో పిల్లలు చివరి మూడు రోజుల్లో ఎక్కువగా పోవడానికి కారణం ఇక్కడే ఉంది. గాలి గది ప్రయాణంలో జరిగిపోయి ఉంటే పిల్ల తల తప్పు వైపుకు తిరుగుతుంది, గాలి అందదు. నిండుగా పెరిగిన పిల్ల పెంకులోనే చనిపోయి కనబడితే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. అందులో బాతు తప్పేమీ లేదు.

పెంకుకు మొదటి కన్నం పడ్డాక బయటికి రావడానికి బాతు పిల్లకు ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. కోడిపిల్లలతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. ఈ సమయంలో పిల్ల పచ్చసొన మిగులును కడుపులోకి లాక్కుంటూ ఉంటుంది, లోపలి పొరలోని నరాల్లో రక్తం వెనక్కి ఇంకుతూ ఉంటుంది. పెంకు ఒలిచి సాయం చేద్దామనుకుంటే ఆ నరాలు తెగి రక్తం కారి పిల్ల పోతుంది. పెంకు లోపలి నుంచే పిల్లలు కిచకిచమంటాయి, పైనుంచి తల్లి గొంతు తగ్గించి బదులు పలుకుతుంది. అమెరికన్ శాస్త్రవేత్త గిల్బర్ట్ గాట్లీబ్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో తేలింది ఏమంటే, బాతు పిల్ల తల్లి పిలుపును గుర్తుపట్టే సామర్థ్యం పెంకులో ఉండగానే తయారవుతుంది. మనం గూటి దగ్గర నిలబడి మాట్లాడుకుంటుంటే ఆ పలుకులకు అడ్డుపడుతున్నట్టే.

పుట్టిన పిల్ల మొదటి రోజున తన ముందు కదిలిన దాన్ని తల్లి అనుకుంటుంది. ఈ సంగతిని బాతులు, పెద్ద బాతుల మీద విస్తారంగా పరిశీలించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్‌కు 1973లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ముద్దొస్తున్నాయని పిల్లల్ని వెంటనే చేతుల్లోకి తీసుకుంటే అవి మన వెంట పడతాయి, తల్లి పిలిస్తే వెళ్లవు. చలికి, కాకికి, గద్దకు దొరికిపోతాయి. పచ్చసొన మిగులు కడుపులో ఉంటుంది కాబట్టి మొదటి రోజంతా మేత లేకపోయినా వాటికేమీ కాదు. ఒకటి రెండు రోజుల్లో తల్లే వాటిని వెంటబెట్టుకుని లేస్తుంది. అది లేచాక గూట్లో మిగిలిన గుడ్లను చెవి దగ్గర పెట్టుకుని వినండి. కిచకిచ ఉంటే తువ్వాలులో చుట్టి వెచ్చగా బల్బు కింద పెట్టవచ్చు. చప్పుడు లేనివి టార్చితో చూసి పాతిపెట్టేయాలి.

మొదటి రెండు వారాలు

నీళ్ల గిన్నె లోతు గురించే ఎక్కువ జాగ్రత్త కావాలి. ముక్కు, కళ్లు మునిగేంత లోతు ఉండాలి, లేకపోతే ముక్కు రంధ్రాలు మేతతో పూడుకుపోతాయి. ఒళ్లు మునిగేంత ఉండకూడదు. గిన్నెలో గులకరాళ్లు వేస్తే సరిపోతుంది. తల్లి వెంటైనా సరే, మొదటి వారం చెరువుకు వద్దు.

మేతకు కోడిపిల్లల స్టార్టర్ పెడితే అందులో నియాసిన్ విటమిన్ బాతు పిల్లలకు చాలదు, కాళ్లు వంకర్లు పోతాయి. కాస్త బ్రూవర్స్ ఈస్ట్ పొడి కలిపితే ఆ లోటు తీరుతుంది. ఉడికించిన నూకలు, సన్నగా తరిగిన ఆకుకూర, దొరికితే చితక్కొట్టిన నత్తలు పెట్టండి. వేరుశనగ చెక్క మాత్రం పెట్టకపోవడం మేలు. బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1960లో ఇంగ్లండ్‌లో వేరుశనగ చెక్క మేతతో టర్కీ కోళ్లు, బాతు పిల్లలు కుప్పలుగా చచ్చిపోయినప్పుడే ఆ విషాన్ని గుర్తించారు. పెంపుడు పక్షుల్లో దానికి ముందు బలయ్యేది బాతు పిల్లే. తవుడు కూడా వాసన చూసి, ఉండ కట్టని తాజాదే పెట్టండి. రెండు నెలలు నిండాక బాతుల ప్లేగుకు టీకా వేయించడం మర్చిపోవద్దు.

తల్లి సంగతి కూడా చూడాలి. నెలకు పైగా అర్ధాకలితో కూర్చున్న బాతు ఎముకలు తేలి ఉంటుంది. పిల్లలతో సమానంగా దానికీ మంచి మేత, గుల్ల పొడి, చేపల పొట్టు ఇవ్వండి. పిల్లలు బాగా వచ్చాయన్న ఉత్సాహంలో వెంటనే రెండో విడత గుడ్లు తెప్పించి దాన్నే కూర్చోబెట్టొద్దు.

క్యాంప్‌బెల్ పిల్లలు పెరిగి రోజూ గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక, తక్కువ గుడ్లు పెట్టే పాత బాతు ఎందుకులే అనిపిస్తుంది. సంతలో దానికి మంచి ధర కూడా వస్తుంది. దయచేసి అమ్మకండి. మీ క్యాంప్‌బెల్ బాతులు ఎన్ని గుడ్లు పెట్టినా వాటిని పొదగవు. కూర్చునే బాతును, దాని సొంత గుడ్లకు పుట్టిన ఆడపిల్లల్లో ఒకదాన్ని పెరట్లో ఉంచుకోండి. వచ్చే చలికాలం గుడ్లు తెప్పించినప్పుడు వాటి మీద కూర్చునేది అవే.